కుందేలు గూటి దగ్గర మా పక్కింటాయన

సిరిసిల్లలో మా పక్కింటి మరమగ్గాల కార్మికుడంటే నాకు ఇప్పటికీ అసూయే. రోజూ పనికి పోతూ మా కుందేలు గూటిలోకి వంగి చూసేవాడు. ఒకనాడు "మంచిగ అనిపిస్తలేదు సారూ" అన్నాడు. పనికి పోతూ కుందేలు ఎదురైందని అపశకునం అనుకుంటున్నాడనుకుని, శకునాలు చూడొద్దని ఉపన్యాసమిచ్చాను.

మూడోనాడు కుందేలు మేత మానేసింది. అతనే పశువుల దవాఖానకు ఎత్తుకొచ్చాడు.

"పెంటికలు ఎప్పటిసంది వేస్తలేదు?" డాక్టరు నన్నడిగాడు. నాకు తెలియదు.

"నిన్న పొద్దటిసంది," అన్నాడతను. "అంతకుముందే చిన్నగైనయి. నీళ్లు గూడ తాగుతలేదు. చెప్పబోతే సారు గరమైండు."

కళ్లారా చూసి నమ్మమని హేతువాద సభల్లో చెప్పేది నేను. చూసింది అతను.

సెలైన్ ఎక్కించాక కుందేలు తేరుకుంది. నేనిచ్చిన కొత్తిమీర వాసన చూసి వదిలేసి, అతని చేతిలోది తిన్నది.

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ," అన్నాడు, "రేపు మీదీ తింటది."