పందిరెక్కని జుకినీ

ఇందులో ప్రతి మాటా నిజం. బచేలి ఇనుప గనుల కాలనీలో మా క్వార్టర్ వెనక ఉన్న ఎర్రమట్టి మడి మీద ఒట్టేసి చెబుతున్నాను.

ఆ మడిలో ఏటా బీరపాదే పెట్టేవాళ్ళం. ఒక ఏడు వానలు తగ్గాక నేను జగదల్‌పూర్ నుంచి కీరదోసలా కాసే జుకినీ గింజలు తెచ్చి నాటి, అలవాటుకొద్దీ పందిరి కూడా కట్టాను. సరిగ్గా అప్పుడే కోంటా నుంచి అత్తగారు దిగింది, కొంగున బీరగింజలు ముడేసుకుని. మొక్కలు గుబురుగా లేచాయి. ఆకులు చేటలంత. తీగ మాత్రం సాగలేదు, పందిరి ఖాళీగా నిలబడింది.

"ఏంది అల్లుడా ఇది? పాకదు, ఎక్కదు. ఒక్క కాయన్నా కాస్తదా?" అంది.

"కాస్తుంది అత్తయ్యా. మీరు తినే వెళ్తారు," అన్నాను.

పూలు విరగబూశాయి. పిందెలు మాత్రం వేలెడంత కాగానే పసుపెక్కి కుళ్ళిపోయాయి. క్వార్టర్ల వరసంతా పరామర్శకు వచ్చింది. వచ్చినవాళ్ళల్లా వేలు పెట్టి చూపించారు. అలా చూపిస్తే పిందె నిలవదని మా అందరి నమ్మకం. ఆ పాదు పోవాలని కోరుకునే అత్తగారు కూడా పిడికిలి ముడిచే చూపించేది. నేను అట్టముక్క మీద హిందీలో 'ఉంగ్లీ దిఖానా మనా హై', అంటే వేలు చూపించరాదు, అని రాసి పందిరికి వేలాడదీశాను. ఆ బోర్డును వేలితో చూపించడానికి ఇంకా ఎక్కువమంది వచ్చారు.

చివరికి అత్తగారు గడువు పెట్టింది. వచ్చే ఆదివారానికి ఒక్క పిందైనా నిలవకపోతే పాదులు పీకేసి బీర పెడుతుందట. నా భార్యది తల్లి పక్షమే. మడి వదిలేది లేదని నేను తెగేసి చెప్పాను.

మర్నాడు పొద్దున్నే కాపలా కూచున్నాను, వేలు చూపించేవాళ్ళను పట్టుకుందామని. మొదట వచ్చింది అత్తగారే, చేతిలో గిన్నెతో. పిందె ఉన్న పూలను ముట్టుకోకుండా, సన్నటి కాడల మీద నిలబడ్డ ఉత్త పూలన్నీ కోసుకుంటోంది. గుమ్మడిపూల మాదిరే వాటిని శనగపిండిలో ముంచి ఆవిడ వేసే బజ్జీలు రోజూ ఎక్కువ తింటున్నది నేనే. అవి మగపూలు. అవన్నీ మా పొట్టల్లోకి పోతే పిందె ఎలా నిలుస్తుంది?

"కాయ లేని పువ్వే గదా, ఊకె వాడిపోవుడెందుకని కోస్తున్న," అంది.

నేను గిన్నెలోంచి ఒక పువ్వు తీసి, రెక్కలు తుంచి, దాని పుప్పొడిని పిందె ఉన్న పువ్వులో రుద్దాను. మొక్కలకు కూడా పెళ్ళిళ్ళు చేస్తున్నావా అని ఆవిడ ముక్కున వేలేసుకుంది.

ఆదివారానికి ఆ పిందె జానెడు కాయై, నిగనిగలాడుతూ ఆకుల కింద పడుకుంది. కాస్త కాడ ఉంచి కత్తితో కోశాను. కొండ మీది ఇనుమంతా పీల్చిందేమో, అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. నా భార్య తొక్క తీయకుండానే శనగపప్పు వేసి కూర వండింది. అత్తగారు మళ్ళీ వడ్డించుకుంది గానీ బాగుందని మాత్రం అనలేదు.

బీరగింజలు కొంగుననే ఉంచుకుని కోంటా వెళ్ళిపోయింది. మడి నాదే. ఇప్పటికీ ఏటా జుకినీయే వేస్తాను, పందిరీ కడతాను. ఏదీ ఎక్కకపోయినా సరే.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. అయస్కాంతం సంగతి నేను కల్పించిందే. అసలు మా ఇంట్లో అయస్కాంతం లేదు. ఉంటే అతుక్కునేదే.