ఆవిడకి అలవాటైన నీళ్లు

మన రీడింగ్ రూం బోర్డు మీద రోజూ పేపర్లోని వార్తలు రాస్తాను. ఇవాళ మన ఊరి వార్తే రాస్తున్నాను. సాయంత్రమైనా నా కోపం చల్లారలేదు.

పొద్దున పట్నం నుంచి పరిశోధన డాక్టర్లు మన బడికి వచ్చారు. మన బావి నీళ్లలోని ఫ్లోరైడ్ మూత్రపిండాల్లో చేరి, అక్కడి కణాలను ఎలా పాడుచేస్తుందో కనిపెడుతున్నారట. మంచి పనే కదా అని పిల్లలకి సెలవిచ్చి, ఇంటింటికీ తిరిగి నేనే జనాన్ని పోగుచేశాను. మా ఆవిడ చెంబుతో మంచినీళ్లు తెస్తే, పెద్ద డాక్టరు "వద్దమ్మా, మేం తెచ్చుకున్నాం" అని పక్కనున్న క్యాన్ చూపించాడు. అప్పటికి నేనేమీ అనుకోలేదు.

పరీక్షకి రక్తం ఇచ్చి లేస్తూనే, నడుం వంగిపోయిన మన మరియమ్మ పెద్దమ్మ కళ్లు తిరిగి కూలబడింది. నీళ్లు, నీళ్లు అని అందరం అరిచాం. ఆ డాక్టరు తన క్యాన్ ముట్టుకోకుండా బడి కుండ వైపు చెయ్యి చూపించాడు.

"మీ నీళ్లే కాసిని పొయ్యండి సార్" అన్నాను.

"ఇవి మాకే చాలవు మాస్టారూ. ఆవిడకి ఆ నీళ్లు అలవాటేగా!"

"ఆ అలవాటు ఆవిడ కిడ్నీల్ని ఏం చేసిందో చూడ్డానికే కదండీ వచ్చారు?" అని అరిచి, క్యాన్ లాక్కొచ్చి పెద్దమ్మకి నేనే పట్టాను.

ఆవిడ రెండు గుక్కలు తాగి, "ఏందిరా, చప్పగా ఉండయ్యి" అని మొహం పక్కకి తిప్పుకుంది.

వచ్చే వారం మళ్లీ వస్తారట. వాళ్లకి ఎవరింటి కుండలో నీళ్లిద్దామో కింద రాయండి. సుద్దముక్క ఇక్కడే పెట్టాను.