ఎవరి బిడ్డవని అడిగిన పాపం

నిన్న దుకాణంలో ఒక అమ్మాయి దుప్పట్లు చూస్తుంటే, అలవాటు కొద్దీ ఏ ఊరు బిడ్డా, ఎవరి తాలూకు అని అడగబోయి మాట నోట్లోనే మింగేశాను. మూడేళ్లుగా ఇంతే. నా ఈడు వాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. బజారులో నేనే పుట్టించిన ఒక అబద్ధాన్ని సరిదిద్దవలసి కూడా ఉన్నది కనుక ఇది రాస్తున్నాను.

వరంగల్ బజారులో మా నాయన ఈ దుకాణం నడిపిన రోజుల్లో, గిరాకీ మెట్టెక్కగానే ముందు ఊరు అడిగేవాడు, ధర సంగతి తర్వాత. కేసముద్రం అంటే అక్కడ ఎవరింటి పక్కన అనేవాడు, రెండు మూడు ప్రశ్నల్లో ఏదో ఒక చుట్టరికం తేలేది, ఆ వచ్చినామె అక్కో వదినో అయిపోయేది. తెలియని మనిషిని తెలియనట్టే పంపించడం మా ఇంట్లో అమర్యాద. ఫేస్‌బుక్ వచ్చినప్పుడు దాన్నీ మా దుకాణంలాగే అనుకొని, ఎవరి ఫొటో కనిపించినా ఊరు అడిగేవాణ్ణి.

అట్లా ఒకనాడు ముఖమూ పేరూ లేకుండా జంపఖానాలు నేసి అమ్ముకునే ఒక పేజీ కనిపించింది. అంచు చూడగానే గుర్తుపట్టాను. మాకు ఏళ్ల తరబడి నేసిన కొత్తవాడ పెద్దమనిషి, నేను మామా అని పిలిచే ఆయన, తన కూతురికి తప్ప ఎవరికీ నేర్పని అంచు అది. సంబరం పట్టలేక, నువ్వు ఫలానా మామ బిడ్డవు కదా, ఫొటోలో వెనక గోడ చూస్తే ములుగు బస్టాండు దగ్గర ఉన్నట్టున్నావే అని, అందరికీ కనిపించేట్టు రాశాను. గంటలోపే ఆమె విడిగా జవాబిచ్చింది: "మీరెవరో నాకు తెల్వది. దయచేసి అది తీసెయ్యండి."

మగ్గం పక్కన దారపు ఉండలతో ఆడుకుంటుంటే నేను ఎత్తుకున్న పిల్ల, నేనెవరో తెలియదంటుందా అని పౌరుషం వచ్చి నాలుగు రోజులు తీయలేదు. పైగా బజారులో, "నాలుగు ఫొటోలు పెట్టంగనే మనుషులు యాది లేకుండ పోతరా" అని నలుగురినీ నవ్వించాను.

అయిదో రోజు మామ వచ్చి కూర్చున్నాడు. కొట్టే మొగుణ్ణి తప్పించుకొని బిడ్డ ఏడాదిగా ములుగులో దాక్కున్నదట. ఫొటో కింద ఎవరో రాసింది చదివి వాడు వెతుక్కుంటూ వెళ్లి మగ్గం విరగ్గొట్టాడట. ఆమె పక్కింటి వాళ్ల సాయంతో వెనక దారిన పారిపోయిందట. "ఎవడు రాసిండో సేటూ, వానికి ఏమొచ్చిందో," అన్నాడు. ఆయన వెళ్లాకనే నేను రాసింది తీసేశాను.

అప్పటిదాకా వారం వారం తండ్రికి ఫోన్ చేసే బిడ్డ మళ్లీ చెయ్యలేదు. పేజీ మూతబడింది. గిరాకీ లేక మూసుకున్నదని బజారులో చెప్పినవాణ్ణి నేనే.

ఇప్పటికీ మామ వస్తాడు. "నీ ఫోన్ల జర చూడు సేటూ, యాడనన్న ఉన్నదేమో," అంటాడు. ఆయన ముందర వెతికినట్టు చేసి లేదంటాను. ఎవరి బిడ్డవని అడిగితే మనిషికి ఒక నీడ దొరికిన కాలం మాది. ఇప్పుడు ఆ బిడ్డ బతకాలంటే ఎవరికీ దొరకకుండా ఉండాలి, కన్నతండ్రికి కూడా. రాసింది నేనేనని ఆయనకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇక్కడ రాశాను, ఆయనకు చదువు రాదు.