బీపీ బిళ్ళ వేసుకున్నావా?

మా ఆయన రాసిన ఫైలొకటి రైసు మిల్లు కంప్యూటర్లో రోజూ పొద్దున్నే నన్ను పలకరించేది. ఎక్సెల్ తెరవగానే తనంతట తానే లోడయ్యే మాక్రో ఫైలు అది. ధాన్యం శాంపిళ్ళ తేమ అంకెలు నేను కొడితే పట్టిక సర్దిపెట్టడం దాని అసలు పని. దానికంటే ముందు తెరమీద ఓ చిన్న పెట్టె వచ్చేది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "బీపీ బిళ్ళ వేసుకున్నావా?" కింద యస్, నో.

తాడేపల్లిగూడెంలో ఆ మిల్లులోనే ఇద్దరం పనిచేసేవాళ్ళం. ఆయన ఆఫీసులో, నేను శాంపిళ్ళ గదిలో. "ఇంట్లో అడిగింది చాలదాండీ? నలుగురూ చూస్తే నవ్విపోతారు!" అని కసిరేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. నేను చదవకుండానే యస్ నొక్కేసేదాన్ని. సగం రోజులు బిళ్ళ వేసుకునేదాన్నే కాదు.

నిరుడు ఆయన పోయారు. మళ్ళీ పనిలోకి వెళ్ళాక, ఆ పెట్టె రాగానే "వేసుకున్నానండీ" అని పైకే అనేదాన్ని. అప్పట్నుంచి నిజంగానే వేసుకునేదాన్ని.

ఈ దసరాకి మిల్లులో ఆయుధపూజ చేశాం. యంత్రాలన్నిటికీ పసుపు, బొట్టు. నల్లటి తెరకి బొట్టు పెట్టబుద్ధి కాలేదు నాకు. ఆయన ప్రశ్న కనబడుతుండగా పెడదామని ఎక్సెల్ నొక్కాను. అది తెరుచుకుంటుండగానే, పూజవేళ అన్నీ ఆగాలంటూ మేస్త్రీ కరెంటు మెయిన్ దించేశాడు.

మర్నాడు కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో అడిగింది. అలవాటు చెయ్యి కదా, చదవకుండా యస్ నొక్కేశాను. ఖాళీ పట్టిక వచ్చింది. మూసి తెరిచాను, మళ్ళీ మూసి తెరిచాను. ఆయన ప్రశ్న రాలేదు. ఫోల్డర్లో చూస్తే ఫైలు ఉండాల్సిన చోటే ఉంది.

ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోన్ చేశాను.

"అన్నీ తీసేసి కొత్తగా ఎక్కించేద్దామండీ."

"వద్దు బాబూ, మీకు దణ్ణం పెడతాను! ఆ ఫైలు మా ఆయన రాసిందండీ."

"ఏవండీ, అదేమైనా అడిగితే యస్ నొక్కారా?"

"నొక్కానండీ."

"క్రితంసారి ఈ ఫైలు తెరుస్తుంటే ఇబ్బందొచ్చింది, ఇక ఆపేయమంటారా అని అడిగుంటుందండీ. మీరు ఆపేయమన్నారు."

నా చేతులు పడిపోనూ! నేనే మా ఆయన నోరు మూసేశాను. ఏడుస్తూనే ఫోన్లో అతను చెప్పినట్టు ఆప్షన్స్‌లోకి, అక్కణ్ణుంచి యాడ్-ఇన్స్‌లోకి వెళ్ళాను. అడుగున, ఆపేసినవాటి జాబితాలో ఒకటే పేరుంది. దాన్ని ఎంచి ఎనేబుల్ నొక్కి, ఎక్సెల్ మూసి తెరిచాను.

"బీపీ బిళ్ళ వేసుకున్నావా?"

ఈ గొడవలో ఆ పూట వేసుకోలేదు. ఇన్నేళ్ళూ ఆయనకి చెప్పిన అబద్ధాలు చాలనిపించింది. మొట్టమొదటిసారి నో నొక్కాను. నేనెప్పుడూ చూడని పెట్టె ఇంకొకటి వచ్చింది.

"నిజం చెప్పావు. నా టేబుల్ కుడి సొరుగులో రిజిస్టరు కింద ఉంది. తిట్టుకోకుండా వేసుకో."

ఆయన కుర్చీలో ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదు. వెళ్ళి సొరుగు లాగాను. రిజిస్టరు కింద బిళ్ళల షీటుంది, ఒక్కటీ తియ్యలేదు. తేదీ దాటిపోయింది.

ఆయన్ని తీసుకుపోయింది కూడా బీపీయే. ఆయన బిళ్ళ ఆయన వేసుకున్నారో లేదో నేను ఒక్కరోజూ అడగలేదు.