సూర్యలంకలో ఖాళీ గదులు

సూర్యలంకలో రూములు ఖాళీ లేవని నా భార్యతో అబద్ధం చెప్పాను. సముద్రమంటే నాకు భయమన్న సంగతి మాత్రం అప్పటిదాకా ఎన్నడూ చెప్పలేదు.

కార్తీకమాసం జనం తగ్గాక, తెనాలి నుంచి వెళ్లి రెండు రోజులు అక్కడ సముద్రం ఒడ్డున ఉందామని ఆమె ఆశపడింది. రూము మాట్లాడే పని నాకు అప్పజెప్పింది. ఫోన్ చేతిలోకి తీసుకోగానే, చిన్నప్పుడు ఆ ఒడ్డునే కార్తీక స్నానం చేస్తుండగా కాళ్ల కింద ఇసుక జారి, అల నన్ను లోపలికి లాగిన క్షణం గుర్తొచ్చింది. ఫోన్ చేయలేకపోయాను.

"రూములన్నీ నిండిపోయాయంట," అన్నాను.

"అన్‌సీజన్‌లోనా? ఎవరు దిగారంట, పీతలా?" అని నవ్వి, తనే ఫోన్ చేసింది.

స్పీకర్‌లో అవతలి మనిషి అన్నాడు: "కార్తీకం వెళ్లిపోయింది కదమ్మా, అన్నీ ఖాళీయేనండి. పొద్దుట్నుంచీ మీదే మొదటి ఫోను."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నాతో రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా మీరు," అంది.

ఇక నాతో మాట్లాడదేమోనని భయమేసింది.

"నీతో రావడం ఇష్టం లేక కాదు, సముద్రమంటే భయం. అది చెప్పడానికి సిగ్గుపడి నీ మనసు కష్టపెట్టాను. నన్ను క్షమించు," అన్నాను.