సమ్మయ్య మామ సగంలో వదిలేసిన సిరీస్

నిన్న పొద్దున కుంట టౌన్ సంతలో ఉండగా ఫోన్ వచ్చింది.

"సమ్మయ్య మామ పోయిండురా."

నా చేతిలో ఆయన పెన్‌డ్రైవ్ ఉంది. సిరీస్‌లో చివరి ఎపిసోడ్ ఎక్కించుకు రమ్మని నన్ను పంపిందే ఆయన. షాపువాడు "ఇంకేం కావాలి?" అంటున్నాడు.

ఛాతీలో నొప్పి అన్నాడట. భద్రాచలం తీసుకుపోదామని బండి ఎక్కించారట. మన రోడ్డు సంగతి మీకు తెలుసు. సగం దారిలోనే...

గొల్లపల్లిలో మాది పక్కిల్లు. ఆ ఇంట్లో మామ, వాళ్ళమ్మ లచ్చమ్మవ్వ ఉండేవాళ్ళు. మామ చెల్లెలు జోగత్త మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు వెళ్ళింది. ఆమెతో పోయిన వాళ్ళంతా తిరిగొచ్చారు. ఆమె రాలేదు.

పొద్దుగూకితే అందరం వాళ్ళ సోలార్ టీవీ ముందే. మాకు ఫైట్లు కావాలి, పిల్లలకు దయ్యాలు కావాలి. సెలెక్షన్ మాత్రం మామదే. ఎవరి మాటా వినడు. ఎప్పుడూ హిందీవే తెస్తాడు. అవ్వకేమో మా దోర్లీ భాష, తెలుగు తప్ప రావు. మామ పక్కనే కూర్చుని ఒక్కో సీనూ ఆమెకు తెలుగులో చెప్పేవాడు.

నాకు హిందీ వచ్చు. అందుకే ఒళ్ళు మండేది.

ఆయన చెప్పేది వేరే కథ!

ఈ సిరీస్‌లో పని కోసం పట్నం వెళ్ళిన పిల్ల మధ్యలోనే చచ్చిపోతుంది. టీవీలో తల్లి గుండెలు బాదుకుంటోంది. మామ మాత్రం గొంతు మార్చకుండా, "బిడ్డ యాదికొచ్చి ఏడుస్తున్నదే అవ్వా. పిల్ల మంచిగనే ఉంది. బస్సెక్కిందంట" అన్నాడు.

"బస్సెక్కితే ఏడుపేంది? పిచ్చిది" అంది అవ్వ.

మొన్న సాయంత్రం మామ మీద పడ్డాను. కరపత్రాల్లో చదివిందంతా కక్కేశాను. "కథ పేరుతో మత్తుమందు పోస్తున్నవ్ మామా. జనానికి నిజం కావాలె. తెలుగు సినిమాలు తే. అవ్వే చూసి తెలుసుకుంటది."

మామ బీడీ ముట్టించాడు. "తెలుగుదైతే నేనేం జెయ్యాల్రా? ఎవరన్నా సచ్చిపోతే ఎట్ల ఆపాలె?"

అప్పుడు వెలిగింది నాకు. బొమ్మ బాగుందా లేదా అని కాదు, అవ్వకు రాని భాష అని ఎంచుకుంటున్నాడు.

నేను ఊరుకుంటానా? "అయితే జోగత్త ఫోన్ల మంచిగున్నా అన్నదని అవ్వకు చెప్తవు గదా, అది గూడ ఇట్లాంటిదేనా?" అని అడిగేశాను.

మామ చేతిలో బీడీ ఆరిపోయింది. దాన్ని పారేసి, "రేపు కుంట పోతవు గదా, చివరిది ఎక్కించుకరా. ముందు నేను జూడాలె" అన్నాడు.

అంతే. మళ్ళీ మాట్లాడుకోలేదు.

నిన్నటి నుంచి మామ ఫోన్ నా దగ్గరే ఉంది. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి జోగత్త నంబర్ కొడుతూనే ఉన్నాను. స్విచ్ఛాఫ్. ఆమెను కూలికి తీసుకుపోయిన మేస్త్రీ ఎత్తడు. కూలీలు కావాలంటే గుమ్మం ముందుకు బండి పంపిస్తారు. మనిషేదీ అని అడిగితే ఫోన్ ఎత్తరు! మనం అంత చవకా?

మామ ఆమెతో నిజంగా మాట్లాడేవాడా? ఇది టైప్ చేస్తూనే మళ్ళీ ఆ నంబర్ కొట్టి చూశాను.

ఈ పొద్దు అవ్వ నన్ను పిలిచింది. అన్న పోతే చెల్లె ఏదిరా అని అడుగుతుందనుకున్నాను.

"ఆ టీవీల పిల్ల ఇల్లు జేరిందారా? నీకు హిందీ వచ్చుగదా, జెప్పు."

నిజం నిజం అని అరిచే నేనే అన్నాను: "బస్సుల ఉంది అవ్వా."

అవ్వ నన్ను చాలాసేపు చూసింది. "ఇంకా బస్సులనేనా? మీ మామ గూడ గిట్లనే నడిపిండు. జర తొందరగా రమ్మను."

ఖమ్మం వైపు మిర్చి చేలల్లో ఉన్న మనోళ్ళు ఎవరైనా ఇది చదివితే జోగత్తను వెతకండి. గొల్లపల్లి జోగమ్మ. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలుంటాయి. అన్న పోయాడని చెప్పండి. అమ్మ ఒక్కతే ఉందని చెప్పండి.

ఏ కబురైనా సరే, నాకు మాత్రం నిజమే చెప్పండి.

మామా, పెన్‌డ్రైవ్ నా జేబులోనే ఉంది. అవ్వ ముందు పెట్టను. ఆ బస్సు సంగతి ఇక నేను చూస్తా.

నువ్వు నిమ్మళంగా పడుకో.