ఎదుల్మిరా పలకరింపు

లెబూ పట్నానికి దక్షిణంగా, లాస్ గవియోతాస్ చేపల రేవులో, కొండ మీది రేడియో గది ఎదుల్మిరాది. సముద్రం మీదున్న పడవల్ని పిలిచి గాలి ఎటుందో చెప్పడం ఆవిడ పని. పిలుపు ఎప్పుడూ ఒకటే, "ఓఓఓలా" అని. అక్కడ అందరూ ఒకరితో ఒకరు అనుకునే మామూలు పలకరింపే. కానీ ఆవిడ పాకం తీగలా సాగదీసేది. చలికి కొయ్యబారిన మగవాళ్లకి అది వింటే ఇంటి గుమ్మంలో అడుగుపెట్టినట్టుండేది.

పోనుపోను అది రేవు దాటిపోయింది. లెబూలో ఓ పాటల బృందం తమ పాటకి అదే ఎత్తుగడ చేసుకుంది. ఫుట్‌బాల్ మైదానంలో గోల్ పడితే జనమంతా అదే కేక. ఎదుల్మిరా పైకి విసుక్కునేది, లోలోపల మురిసిపోయేది. తంటా ఏంటంటే, రేడియో ఉన్న ప్రతివాడూ సరదాకి మీట నొక్కి "ఓఓలా" అనడం మొదలెట్టాడు. కసరాల్సింది. కసరలేదు.

సెప్టెంబరు, ఆ దేశపు జెండా పండగ వారం. మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి లేచింది. పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి, ఒక్క 'మొండిది' తప్ప. అందులో ఉన్నది ఆవిడ అన్న కొడుకు నిబాల్దో, వాడి జతగాడు అనిసెతో. రేవులో అప్పటికే వైను సీసాలు తెరుచుకున్నాయి.

"ఓలా," అంది రేడియో. గరగర. వెంటనే ఇంకో గొంతు, "ఓఓఓలా పెద్దమ్మా, డాన్సుకొస్తావా?"

పక్కనున్న బాల్తసార్, రేవులోకెల్లా పెద్ద పడవ అతనిది, నిట్టూర్చాడు. "తాగుబోతుల వేళాకోళం, వదిలెయ్యక్కా."

"మొదటివాడు సాగదీయలేదు," అంది ఎదుల్మిరా.

"అయితే?"

"నన్ను వెక్కిరించేవాడు సాగదీయకుండా ఉండడు."

బాల్తసార్ మొహం పాలిపోయింది. వాళ్ల భాషలో పలకరింపుకీ సముద్రపు అలకీ చెవిలో తేడా లేదు, రెండూ 'ఓలా'నే. పలకరింపు ముందుండే మూగ అక్షరం కాగితం మీదే కనిపిస్తుంది.

ఆవిడ మైకు అందుకుంది. "అందరూ మీట వదలండి. 'మొండిది' ఆపదలో ఉంది."

"పలకరిస్తే కూడా కోపమేనా పెద్దమ్మా?"

"ఎలాదియో, నీ గొంతు నాకు తెలుసు. ఆ పడవలో మీ బాబాయి అనిసెతో ఉన్నాడు."

అందరూ మీటలు వదిలేశారు. గదిలో హోరొక్కటే మిగిలింది. ఆవిడ చెవి రేడియో పెట్టెకి ఆనించింది.

"నిబాల్దో, అత్తనిరా. చెప్పు."

"అల... ఇంజను ఆగిపోయింది... పాదిరీ రాయి..." అంతే.

ఈ గాలిలో సముద్రం మధ్యనున్న ఆ రాయి దగ్గరికెళ్లడమంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. "నిన్ను వెళ్లమనలేను," అంది ఎదుల్మిరా.

"అనొద్దక్కా. ఒడ్డున లైట్లు వేయించు," అంటూ బాల్తసార్ మెట్లు దిగిపోయాడు. అతని వెనకే ఎలాదియో కూడా పడవెక్కాడు. తాగిందంతా అప్పటికే దిగిపోయింది.

చీకటి పడేదాకా ఆవిడ పిలుస్తూనే ఉంది. నీళ్లు తెచ్చిచ్చినా ముట్టలేదు. చివరికి బాల్తసార్ గొంతు వినపడింది. "నిబాల్దో దొరికాడు. చేపల పెట్టె పట్టుకు వేలాడుతున్నాడు." మళ్లీ మీట నొక్కి, "ఒక్కడేనక్కా," అన్నాడు.

పండగ వెళ్లాక అనిసెతోని సముద్రమే ఒడ్డుకి తెచ్చింది. పాతిపెట్టి వస్తుంటే ఎలాదియో ఆవిడ పక్కకొచ్చి నడిచాడు. "నేను నోరు మూసుకునుంటే బాబాయి..."

"ఏమోరా. నువ్వొక్కడివే కాదు. ఆ అరుపులు విని ఇన్నాళ్లూ నేనూ నవ్వాను."

మర్నాడు పడవలు బయల్దేరాయి. ఎదుల్మిరా ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలిచి, గాలి సంగతి చెప్పి ఆపేసింది. పలకరింపు లేదు. "పోలీసుల పిలుపులా ఉందిదీ," అని ఓ ముసలాయన గొణిగాడు. ఆవిడ విని, తర్వాతి పడవని పిలిచింది.